వెలుగుబొమ్మలు పాడితే ఊరు బతుకుతుందా?

మా లక్సెట్టిపేటలో, గోదావరి ఒడ్డున, ఒక కచేరీశాల కట్టాలట. అందులో పాటగాళ్ళు వుండరట. చనిపోయిన గాయకులు, పిలిస్తే రాలేనంత గొప్పవారు వెలుగుబొమ్మలై వేదికమీదికి వచ్చి పాడతారట. దానికి హోలోగ్రామ్ కచేరి అని పేరు. 2015 పుష్కరాలకు వచ్చిన జనం మునిగి, మొక్కి, వెళ్ళిపోయారు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. ఈసారి వారిని ఒక్క రాత్రి ఊళ్ళో నిలపగలిగితే హోటళ్ళకూ, ఆటోలకూ, అంగళ్ళకూ నాలుగు డబ్బులు వస్తాయని ఈ ప్రతిపాదన చేసేవారి వాదన.

ఈ మాట నాతో అన్నవారు కాంట్రాక్టర్లు కారు. నా దగ్గర చదువుకొని వెళ్ళిన కుర్రవాళ్ళు, నాతో పాఠాలు చెప్పే ఒకరిద్దరు మిత్రులు. వారికి ఊరిమీద నిజమైన ప్రేమ వుంది. అందుచేతనే దీనికి జవాబు చెప్పటం అవసరమనుకొంటున్నాను. లాభాపేక్ష గలవాడి మాటకు నవ్వి వూరుకోవచ్చు. మంచివాడి పొరపాటుకు మాత్రం జవాబు చెప్పి తీరాలి.

ముందుగా ఒక సంగతి ఒప్పుకొందాం. ఊరు చిక్కిపోయిన మాట నిజం. కాని ఎందువల్ల చిక్కిపోయింది? ఒకప్పుడు లక్సెట్టిపేట తాలూకా కేంద్రం. కచ్చేరీ పని పడితే చుట్టుపక్కల పల్లెలన్నీ ఇక్కడికే రావలసి వుండేది. మంచిర్యాల సైతం ఈ తాలూకాలోనిదే. రైలు మంచిర్యాలకు వచ్చింది, మాకు రాలేదు. బొగ్గూ, సిమెంటూ అటే పెరిగాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో కొత్త జిల్లా ఏర్పడితే అది మంచిర్యాల పేరుతోనే ఏర్పడింది. ఎల్లంపల్లి జలాశయం కట్టిన తరువాత గోదావరి వెనక్కు నిలిచి, నిండు వానకాలంలో సముద్రంలా కనిపిస్తుంది. ఆ నీటికింద ఊళ్ళు మునిగాయి. 2015 నుంచి ఆ జలాశయం నీరే గొట్టాల్లో హైదరాబాదుకు పోతున్నది. ఆ నీటి వెనకే మా యువకులు కూడా కొందరు హైదరాబాదుకు, మరికొందరు దుబాయికి, మస్కటుకు పోతున్నారు. మా ఊరు పాట కరువై చిక్కిపోలేదు. పని కరువై చిక్కిపోయింది. రోగం ఒకటైతే మందు ఇంకొకటి ఇవ్వటం ఏ వైద్యం?

మిత్రులు విదేశాల ఉదాహరణ చూపుతారు. ఇంగ్లండులోని సముద్రతీర పట్టణాల సంగతి చెపుతారు. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్ళు మిల్లు కార్మికులను సెలవులకు అక్కడికి చేరవేశాయి. తరువాత విమానపు టిక్కెట్లు చవకై, జనం స్పెయిను ఎండకు పోవటం మొదలుపెట్టగానే ఆ పట్టణాలు బోసిపోయాయి. నాటినుంచీ అటువంటి ఊళ్ళు ఏదో ఒక అద్భుతం కోసం ఎదురుచూస్తూనే వున్నాయి. ఇప్పుడు ఆ అద్భుతం వెలుగుబొమ్మల కచేరి అని కొందరు అక్కడ కూడా అంటున్నారు. గోదావరి సముద్రంలా నిలిచింది గనుక మాదీ తీరపట్టణమే అని మా మిత్రుల భావం.

వారు ఆధారంగా తెచ్చేది లండనులో 2022 మే నెలలో ప్రారంభమైన 'ఆబా వోయేజ్'. స్వీడను గాయకులు నలుగురు యువరూపాల్లో తెరమీద పాడతారు. మూడువేలమంది చూడగల శాల అది. దానికి అయిన ఖర్చు 14 కోట్ల పౌండ్లు, అంటే అప్పటి లెక్కన సుమారు 1,400 కోట్ల రూపాయలు. ఇందులో మా మిత్రులు చెప్పని సంగతులు మూడు వున్నాయి. మొదటిది, అది బోసిపోయిన తీరపట్టణంలో కట్టింది కాదు, ప్రపంచమంతా వచ్చిపోయే లండను మహానగరంలో కట్టింది. రెండవది, ఆ నలుగురూ బతికే వున్నారు. అయిదు వారాలపాటు 160 కెమెరాల ముందు తామే ఆడి పాడారు. మూడవది, ఆ శాలలో పదిమంది వాద్యకారులు ప్రతి ఆటకూ ప్రత్యక్షంగా వాయిస్తారు. అన్ని కోట్లు పోసినవారికి కూడా బతికివున్న మనిషి లేకుండా కచేరి రక్తికట్టదని తెలుసు. మనకు మాత్రం ఆ మనిషిని తీసేసి బొమ్మను అమ్మజూపుతున్నారు.

నిజానికి దీనికి హోలోగ్రామ్ అనే పేరు కూడా చెల్లదు. హోలోగ్రఫీ గొప్ప విజ్ఞానం. 1947లో డెనిస్ గేబర్ దాని సూత్రం కనిపెట్టాడు. 1971లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వేదికలమీద మనకు చూపేది చాలావరకు అది కాదు. 1862లో లండనులో జాన్ హెన్రీ పెప్పర్ అనే ఉపన్యాసకుడు వేదికమీద గాజుపలకను ఏటవాలుగా నిలిపి, చాటున వున్న నటుడిమీద దీపం వేసి, అతని ప్రతిబింబాన్ని ప్రేక్షకులకు దయ్యంగా చూపాడు. ఈనాటికీ దానికి 'పెప్పరు దయ్యం' అనే పేరు. 1996లో చనిపోయిన టుపాక్ షకూర్ 2012లో అమెరికా వేదికమీద పాడినట్లు చూపింది ఆ పద్ధతిలోనే. గాజుకు బదులు పలచని పొర, దీపానికి బదులు ప్రొజెక్టరు. అంతే తేడా. మోసమని నేననను. కనికట్టు కూడా ఒక కళే. కాని కనికట్టును విజ్ఞానమని పిలిచి, దాన్ని కాదన్నవాడిని విజ్ఞాన విరోధి అనటం తగదు.

నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. అభ్యుదయవాది ఎవడూ కాకూడదు. గ్రామఫోను, రేడియో, సినిమా వచ్చినప్పుడు కళ చచ్చిపోతుందని ఏడ్చినవారిని కాలం దాటివేసింది. బాలసుబ్రహ్మణ్యం పాట ఊట్కూరు చౌరస్తాలో ఏ టీకొట్టునుంచి వినిపించినా నేనూ నిలబడి వింటాను. రికార్డు తాను రికార్డునని ఒప్పుకొంటుంది. మనిషి స్థానం తనదని అనదు. వెలుగుబొమ్మ అలా కాదు. అది వేదికను ఆక్రమిస్తుంది. బతికివున్న కళాకారుడు నిలబడవలసిన నాలుగు గజాల చోటులో నిలబడుతుంది. మార్క్సు మృతశ్రమ, సజీవశ్రమ అని వేరుచేసి చూపాడు. మృతశ్రమ సజీవశ్రమకు పనిముట్టు అయితే ప్రగతి, యజమాని అయితే పీడన. ఈ కచేరీశాలలో ఆ తేడా పాఠం చెప్పనవసరం లేకుండానే కంటికి కనిపిస్తుంది. ఒక్కసారి పాడినవాడి శ్రమ పెట్టెలో వుంటుంది. దానికి ఆకలి లేదు, దగ్గు లేదు, బస్సు కిరాయి లేదు. రోజూ పాడవలసినవాడు మాత్రం శాల బయట వుంటాడు.

ఒకే మనిషి ఒకే సమయంలో పదిచోట్ల కనిపించటం ఎంత గొప్ప అంటారు. 2012 గుజరాత్ ఎన్నికల్లో, 2014 లోక్‌సభ ఎన్నికల్లో నరేంద్ర మోదీ ఉపన్యాసాలను ఈ విధంగానే చూపారు. ఒక నాయకుడు మాట్లాడితే ఎన్నో ఊళ్ళు ఒకేసారి విన్నాయి. సరే. తెలుగుదేశంలో ఇంతకుముందే ఒకటి జరిగింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం 1947లో వచ్చింది. అందులో కథ మన తెలంగాణా రైతుది. ప్రజానాట్యమండలి ఆధ్వర్యాన వందకు పైగా దళాలు దాన్ని ఆడాయి. ప్రభుత్వం నిషేధించేదాకా ఆడాయి. ఒకే నాటకం ఒకేసారి ఎన్నో ఊళ్ళలో కనిపించింది. ఎలా? మనుషులు పెరిగారు. ప్రతి దళంతో కొత్త నటులు, కొత్త గాయకులు తయారయ్యారు. అక్కడ ఒకటి వందయింది. ఇక్కడ వందమందికి బదులు ఒక్కడే వందచోట్ల కనిపిస్తాడు. కళ ప్రజల్లోకి పోవటమంటే మొదటిది. మార్కెట్టులోకి పోవటమంటే రెండవది. ఈ రెంటినీ ఒకటే అనుకొనేవారు నాటి ఉద్యమాన్నీ అర్థం చేసుకోలేదు, నేటి వ్యాపారాన్నీ అర్థం చేసుకోలేదు.

వెలుగుతో బొమ్మలాడించటం మన జనానికి కొత్త కూడా కాదు. తోలుబొమ్మలాట మరేమిటి? కాని ఆ తెర వెనక మనిషి వున్నాడు. బొమ్మను ఆడించే చెయ్యీ, పాడే గొంతూ అతనివే. ముందు కూర్చున్న పటేలు దురాగతం ఊరంతటికీ తెలిస్తే జుట్టుపోలిగాడి నోట ఒక చురక పడేది. ఒగ్గుకథ చెప్పేవాడు జనం ముఖాలు చూసి కథను పెంచుతాడు, తగ్గిస్తాడు. వాన వస్తే వాననూ కథలో కలుపుతాడు. వెలుగుబొమ్మకు కళ్ళున్నాయి గాని చూపు లేదు. తన ముందు కూర్చున్నవాడు దొరో కూలీయో దానికి తెలియదు. అందుకే పాలకులకు అది అంత నచ్చుతుంది.

మరొక వాదన వుంది. అది మనసును తాకే వాదన. మార్లవాయి గుస్సాడీ కనకరాజు 2021లో పద్మశ్రీ గౌరవం పొంది, 2024 అక్టోబరులో కన్నుమూశాడు. ఆయన ఆటను వెలుగులో నిలిపితే మన మనుమలు చూస్తారు గదా అంటారు. చిత్రీకరించి భద్రపరచండి. తప్పక చెయ్యండి, బడి పిల్లలకు చూపండి. కాని గుస్సాడీ ఒక్కడి ఆట కాదు. దీపావళి రోజుల్లో దండారి బృందం ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి అతిథిగా పోతుంది. అక్కడివారు ఎదురువచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం పెడతారు. రెండు గూడేల మధ్య బంధుత్వం ఆ ఆటలో బతుకుతుంది. బొమ్మకు ఎవరు అన్నం పెడతారు? కనకరాజును బతికించుకోవటమంటే ఆయన నేర్పిన పిల్లలకు నెమలిపింఛం టోపీ కట్టుకొనే తీరికా, తిండీ వుండటం.

ఇక హక్కుల సంగతి. 'కీడా కోలా' అనే సినిమాలో బాలసుబ్రహ్మణ్యం గొంతును యంత్రంతో పుట్టించి వాడారని ఆయన కుటుంబం 2024లో నిర్మాతలకు నోటీసు ఇచ్చింది. అదే సంవత్సరం రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులు వాడి, కుటుంబాల అనుమతి తీసుకొని ప్రతిఫలం ఇచ్చానని ప్రకటించాడు. పేరున్నవారికి నోటీసు వుంది, ప్రతిఫలం వుంది. మన కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కు 1994లో చేరింది. గారడీవాడూ, పాములవాడూ కూడా ప్రదర్శకులేనని ఆ చట్టమే అంటున్నది. మంచిదే. కాని మల్లన్న కథ చెప్పిన ఒగ్గుపూజారి గొంతును ఎవరో పెట్టెలో పెట్టి అమ్ముకొంటే, అతని కొడుకు ఏ కోర్టు మెట్లెక్కుతాడు? ఏ వకీలుకు ఫీజు ఇస్తాడు? 2022లో పద్మశ్రీ పొందిన కిన్నెర మొగులయ్య 2024లో రోజుకూలీకి పోయాడని పత్రికల్లో చదివాం. బిరుదు ఇచ్చిన దేశంలోనే ఆ కళాకారుడి బతుకు అలా వుంటే, ఏ బిరుదూ లేనివాడి సంగతి చెప్పాలా?

వెలుగుబొమ్మ ఎంతకాలం నిలుస్తుందో కూడా చూశాం. 2022 జనవరి 23న ఢిల్లీ ఇండియా గేటు దగ్గర సుభాస్ చంద్రబోస్ హోలోగ్రామ్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. రాతివిగ్రహం సిద్ధమయ్యేదాకా అన్నారు. సెప్టెంబరు 8న రాతివిగ్రహం వచ్చింది. ఆ రాయి ఎక్కడిది? మన ఖమ్మంనుంచి పోయిన నల్లరాయి. నిలిచేది కావలసివచ్చినప్పుడు ఢిల్లీవారికి కూడా తెలంగాణా రాయీ, ఉలి పట్టిన కూలి చేయీ కావలసివచ్చాయి.

ఈ శాల వల్ల ఉద్యోగాలు వస్తాయి అంటారు. ఎన్ని? టిక్కెట్టు చింపేవాడు, ఊడ్చే మనిషి, రాత్రి కావలివాడు. యంత్రం బయటినుంచి వస్తుంది. దాన్ని బాగుచేసేవాడు నగరంనుంచి వస్తాడు. బొమ్మల అద్దె ఎక్కడికో పోతుంది. మా గోదావరి నీరు పోయే దారినే మా టిక్కెట్టు డబ్బు కూడా పోతుంది.

ఈ మాటలన్నీ తరగతిలో చెపుతుంటే ఒక కుర్రవాడు లేచాడు. అతని ఇంట్లో మూడుతరాలుగా ఒగ్గుకథ వుంది. "సార్, డోలు నేర్చుకుంటె ఏమొస్తది? కూలి సుత దక్కది. ఆ మిషిను నడిపేటోనికి నెలజీతమన్న ఉంటది గద" అన్నాడు. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ వ్యాసంలోని వాదనలన్నిటికంటె బలమైన వాదన అతనిదే. అతనికి సంస్కృతి గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వటం సిగ్గుచేటు. డోలుకు కూలి దొరికితేనే అతనికి జవాబు దొరికినట్లు.

అందుచేత వట్టి వ్యతిరేకతతో నేను ముగించను. గోదావరి ఒడ్డున వేదిక కట్టండి. పైకప్పు, దీపాలు, మంచి మైకులు, కళాకారులు బట్టలు మార్చుకొనే గది, ఆడవారికి మరుగు, వచ్చినవారికి వసతి వుండాలి. నెలకు నాలుగు రాత్రులు ఒగ్గు, చిందు, దండారి, బుర్రకథ, కుర్రవాళ్ళ కొత్త నాటకాలు ఆడించండి. వచ్చిన ప్రతి కళాకారునికీ ముందుగా చెప్పిన కూలి అదే రాత్రి చేతికి ఇవ్వండి. డోలు నేర్పే గురువుకు నెలజీతం ఇవ్వండి. ప్రదర్శనలు రికార్డు చెయ్యండి. కాని ఆ రికార్డుమీద హక్కు ఆ కళాకారుని పేరునే కాగితంమీద రాయండి. ప్రొజెక్టరు కూడా కొనండి. నాటకంలో వెనక కొండా, వరదా చూపటానికి అది చక్కగా పనికివస్తుంది. అప్పుడు ఆ కుర్రవాడు మిషిను కూడా నడుపుతాడు, డోలు కూడా కొడతాడు.

పుష్కరాల పేరుతో డబ్బు కదిలే రోజులు దగ్గర్లో వున్నాయి. ఈ పత్రిక చదివే విద్యార్థులూ, ఉపాధ్యాయులూ తమ తమ ఊళ్ళలో ఇటువంటి ప్రతిపాదనలు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వెయ్యాలి. వేదికమీద నిలబడేది ఎవరు? రాత్రి పూర్తయ్యాక కూలి ఎవరి చేతికి వస్తుంది? పుష్కరాలు వెళ్ళిన మూడో ఏట ఆ శాల తాళంచెవి ఎవరి దగ్గర వుంటుంది? ఈ మూడింటికీ జవాబుగా మా ఊరి మనిషి పేరు వినిపించేదాకా నేను ఈ ప్రతిపాదనను వ్యతిరేకిస్తూనే వుంటాను.