పవనవిద్యుత్తు – మన నల్లరేగడి నేల

కయత్తారు పేరు వినినంతనే 1799లో అచట ఉరితీయబడిన వీరపాండ్య కట్టబ్రహ్మన మనకు స్ఫురించును. నేడు ఆ ఊరి చుట్టును గాలిమరలు బారులుదీరి యున్నవి. వానిని పరీక్షించు జాతీయ పవనశక్తి సంస్థవారి కేంద్రమును అచటనే కలదు. మన పెద్దలకు ఆషాఢపు గాలి ధూళి రేపెడి గాలి మాత్రమే. దానికి వెలగట్టినది ప్రభుత్వ విధానము.

1986లో తూత్తుకుడి చెంత ముళ్లక్కాడున ప్రభుత్వము ప్రదర్శనార్థము మరలను నిలిపినది. 1990లలో, మరపై వెచ్చించిన సొమ్మునంతను తొలియేడే తరుగుదలగా చూపి ఆదాయపుపన్ను తగ్గించుకొను అవకాశము కలిగెను. నూలుమిల్లుల యజమానులు ముందుకు వచ్చిరి. వారిలో మనవారును లేకపోలేదు. 2017 నుండి ఆ తరుగుదల 40 శాతమునకు దిగినది. ఇది తప్పు విధానమని మేమనము. బొగ్గు కాల్చక విద్యుత్తు పుట్టించు పనికి తొలినాళ్ల చేయూత అవసరమే. కాని ఆ చేయూత మర కొన్నవానికి చేరినంతగా మర నిలిచిన నేలవానికి చేరలేదు. నేల అమ్మినవానికి దక్కినది ఒక్కసారి వచ్చిన క్రయధనము. అది కూతురి పెండ్లికో, పాత అప్పునకో సరిపోయినది.

ఇపుడు సూర్యవిద్యుత్తు వంతు. విరుదునగరమునకు తూర్పున కముదిలో 2016లో వెలసిన 648 మెగావాట్ల కేంద్రము సుమారు 2,500 ఎకరములు పరచుకొన్నది. గాలిమర చుట్టును పత్తియు జొన్నయు వేయవచ్చును. పలకలు పరచినచోట మన సేద్యము సాగదు. అమ్మకమునకును కౌలునకును గల భేదము ఇచట మరింత పెద్దది. 2019 నాటి కేంద్రప్రభుత్వపు కుసుమ్ పథకమందు రైతులే, సహకార సంఘములే తమ బీడునేలలో 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు కేంద్రములు పెట్టుకొనుటకు చోటు కల్పించిరి. పెట్టుబడి లేనివాడు నేలను కౌలునకిచ్చి యజమానిగానే యుండవచ్చును. ఈ సంగతి దళారి చెప్పడు.

2024లో రాష్ట్రప్రభుత్వము పాత చిన్నమరలను తీసి పెద్దవానిని నిలుపుటకు విధానము ప్రకటించినది. పెద్దమరకు త్రోవ వేయవలెను, తీగలు లాగవలెను. ఇరుగుపొరుగు నేలవారితో మాటాడక తీరదు. బేరమునకు ఇదియే అదను.

మన కుటుంబములలో పెక్కింటి పట్టాలు ఇంకను తాతల పేరనే యున్నవి. అన్న కోవిల్‌పట్టిలో, తమ్ముడు కోయంబత్తూరులో. దళారి ఒక్కని యింటికే పోవును. ముందు పంపకము వ్రాసుకొని పట్టా విడదీయించుకొనుడు. కౌలు ఎన్నియేండ్లు, ఏటేట పెంపెంత, గడువు తీరిన పిదప కాంక్రీటు దిమ్మెలను ఎవరు పెరికించవలెను అనునవి పత్రమున స్పష్టముగా నుండవలెను. తమిళము మనకు అడ్డుగాదు గాని రిజిస్ట్రారు కచేరీ భాష వేరు. కోవిల్‌పట్టి, విరుదునగరములలో మన సభ్యులైన న్యాయవాదుల నొకరిద్దరిని కూర్చుండబెట్టి, సంతకమునకు ముందు పత్రములు చదివి చెప్పు ఏర్పాటును వచ్చు ఆషాఢములోపుగా చేయవలెనని కార్యవర్గమును కోరుచున్నాము.