కోడలిపై వేలు, ఆశ్రమానికి దణ్ణం

మా పెద్దమ్మకి పిల్లల్లేరు. పెదనాన్న పోయాక నాలుగేళ్ళ కిందట హైదరాబాదు శివార్లలో ఒక వృద్ధాశ్రమంలో చేర్పించాం. చేర్పించింది నేనే. అడ్వాన్సు కట్టి రసీదు తీసుకున్నాను. రాత్రిపూట ఎవరుంటారు, పడిపోతే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, దీనికి రిజిస్ట్రేషన్ ఉందా - ఒక్కటీ అడగలేదు. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నదాన్ని!

ఆర్నెల్లకి బాత్రూములో జారిపడి తుంటి విరిగింది. తెల్లారేదాకా ఎవరూ చూడలేదు. ఇరవై రెండు మందికి రాత్రి ఒక్క ఆయా. పగలు వంట కూడా ఆవిడే. మొదట నేనూ ఆవిడమీదే అరిచాను. యజమాని తాపీగా అన్నాడు: "మాది ఆశ్రమం అమ్మా, ఆస్పత్రి కాదు."

నెలనెలా డబ్బు తీసుకునేటప్పుడు వ్యాపారం, లెక్క అడిగితే సేవ! ప్రభుత్వ గ్రాంటుతో నిరుపేదలకి నడిచేవి, దాతల చందాలతో నడిచేవి, నెలకింతని వసూలు చేసేవి, మంచం పట్టినవాళ్ళనీ మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళనీ చేర్చుకునేవి, రిటైరైనవాళ్ళకి ఫ్లాట్లు అమ్మేవి - అన్నింటికీ ఒకటే పేరు అతికించాం. ఆశ్రమం అన్నాక తనిఖీ ఏమిటి, దణ్ణం పెట్టాలిగానీ.

స్త్రీల, పిల్లల హోములకి లైసెన్సు ఉండాలని 1956లోనే చట్టం వచ్చింది. పిల్లల సంరక్షణ సంస్థలకి 2015 బాలల న్యాయ చట్టం, మానసిక చికిత్స సంస్థలకి 2017 చట్టం రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశాయి. వృద్ధుల కోసం వచ్చిన 2007 చట్టం మాత్రం జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, 150 మంది నిరుపేదలకి సరిపడేది, రాష్ట్రప్రభుత్వం పెట్టవచ్చునంది. పెట్టాలి అనలేదు. ప్రైవేటు హోముల రిజిస్ట్రేషన్ ఊసే అందులో లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో ఆ ఊసు వచ్చింది, కనీస ప్రమాణాలూ వచ్చాయి. అదే బిల్లు పోషణ బాధ్యుల జాబితాలో కోడల్నీ అల్లుణ్ణీ చేర్చింది. నా చుట్టూ జరిగిన చర్చంతా కోడలి గురించే! 2024లో సభ రద్దుతో బిల్లు మురిగిపోయింది. ఉన్న చట్టాన్నే కోడళ్ళని ఇంట్లోంచి వెళ్ళగొట్టడానికి వాడితే, గృహహింస చట్టం ఆమెకిచ్చిన నివాస హక్కుని 2020లో సుప్రీంకోర్టు గుర్తుచేయాల్సి వచ్చింది.

మనమూ తక్కువ తినలేదు. అమెరికాలో కొడుకు, గయ్యాళి కోడలు, చివర్లో ఆశ్రమం గేటు - ఈ కథని ఎన్నిసార్లు అచ్చేసుకున్నాం? గేటు లోపల జీతానికి చాకిరీ చేసే ఆడమనిషి ఎంతమందిని ఎత్తి కూచోబెడుతుందో రాసినవాళ్ళెందరు? ఇంట్లో ఉచితంగా చేసే చాకిరీ వీధిలోకొస్తే చవగ్గా చేస్తారు, అంతే తేడా.

ఫిర్యాదు పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఉద్యోగి కాయితం చదవకుండానే, "మీరావిడకి ఏమవుతారు? మీరెందుకు చూసుకోవట్లేదు?" అని అడిగాడు. నాతో వచ్చిన మా అన్నయ్యని అడగలేదు.

రాత్రి ఎంతమందికి ఒక మనిషి ఉండాలో, ఆ మనిషికి ఎన్ని గంటల పనో, ఎంత జీతమో రాతలో ఉండాలి. చేర్చుకునేటప్పుడు ఒప్పందం చేతికివ్వాలి. తనిఖీ రిపోర్టు గోడమీద అంటించాలి. మహిళా సంఘాలుగా మనం ఈ డిమాండ్లు రాసి ఎవరికిచ్చాం?

నా ఫిర్యాదు తర్వాత ఒకే ఒక్క చర్య జరిగింది. ఆ ఆయాని పనిలోంచి తీసేశారు.