పాత విండోస్‌ను పారేయమనే సలహా తెలుగుకు చేటు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. యానాంలోగానీ, వంతెన దాటి ఎదుర్లంక వైపుగానీ డీటీపీ పని చేసుకునేవాళ్లకు ఇప్పుడు వినిపించే సలహా ఒక్కటే: పాత సిస్టమ్ తీసేయండి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌ను, దాంట్లో వాడే అను ఫాంట్లను వదిలేయండి, కొత్తది కొని యూనికోడ్‌లోకి వచ్చేయండి. ఇందులో సగమే నిజం. యూనికోడ్‌కు రావాల్సిందే. పాతదాన్ని తీసేయమనడమే తప్పు.

శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంకలనాలు, ఊరి గుడి చరిత్రలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లోనే తయారయ్యాయి. 2001లో వచ్చిన ఏడో వెర్షనే దానికి ఆఖరిది. అందులో కొట్టిన మ్యాటర్‌ను కంప్యూటర్ తెలుగుగా గుర్తించదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు ముక్కలను కూర్చినవి ఆ అను ఫాంట్లు. ఫాంటు లేకపోతే ఫైలంతా అర్థంలేని రోమన్ గుర్తులే. ఇప్పటి ఇన్‌డిజైన్ ఆ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవనే తెరవదు. పీడీఎఫ్ ఉంటే కంటికి సరిగానే కనిపిస్తుంది; అందులో ఒక్క తెలుగు మాట వెతకబోతే దొరకదు.

‘కన్వర్టర్లు ఉన్నాయిగా’ అంటారు. ఉన్నాయి, అవసరమే. కానీ అవి వత్తుల దగ్గర తడబడతాయి. ఏ వత్తు ఏ అక్షరానిదో తేల్చాలంటే పక్కన అసలు పేజీ ఉండాలి. మూలం చూడకుండా ప్రూఫ్ దిద్దడమంటే ఊహించి రాయడమే. ఆ మూలాన్ని చూపగలిగేది పాత ప్రోగ్రామే. యూనికోడ్‌కు సవ్యంగా చేరాలన్నా దాని సాయం కావాలి.

ఇక భద్రత. 2017 మేలో వానాక్రై వైరస్ దాడి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకింది. పాత విండోస్ ప్రమాదమనడానికి దాన్నే చూపిస్తారు. నిజానికి ఆ దాడికి చిక్కినవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు. దానికి అప్పటికింకా మద్దతు ఉంది. అడ్డుకునే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. నెట్‌కు తగిలించని విండోస్ ఎక్స్‌పీ లాంటి పాత సిస్టమ్‌లోకైతే అలాంటి వైరస్ నెట్ దారిన రాలేదు.

కాబట్టి రెండింటినీ కలిపి నడపాలి. కొత్త సిస్టమ్‌లో, ఒక విండోస్ లోపల మరో విండోస్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ వేసి, లోపల లైసెన్సున్న ఎక్స్‌పీ, అందులో పేజ్‌మేకర్, ఫాంట్లు పెట్టుకోవచ్చు. లోపలి ఎక్స్‌పీకి నెట్ ఆపేస్తే సరి. ఒకే తెరపై ఒకవైపు పాత పేజీ, మరోవైపు యూనికోడ్ ప్రతి కనిపిస్తాయి. ఇది చాదస్తం కాదు. 2009లో విండోస్ 7 ప్రొఫెషనల్ వాడేవాళ్లకు ‘ఎక్స్‌పీ మోడ్’ పేరుతో మైక్రోసాఫ్టే ఇలాంటి ఏర్పాటును ఉచితంగా ఇచ్చింది.

యూనికోడ్ ప్రతిని మూలంతో పోల్చి సరిచూసేదాకా ఏ షాపూ పేజ్‌మేకర్‌ను తీసేయకూడదు. గ్రంథాలయాలు, సాహిత్య సంస్థలు అచ్చు పుస్తకంతోపాటు దాని ఫైలునూ అడిగి తీసుకోవాలి, తెరిచే ఏర్పాటునూ ఉంచుకోవాలి. కొత్త కంప్యూటర్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. తెరవలేని ఫైలులో ఉండిపోయిన పుస్తకాన్ని, రాసినవారు పోయాక, మళ్లీ ఎవరూ రాయలేరు.