తూటాల మిషను పాతదా, కొత్తదా? ముందు ఏ ఊర్లో నిలబడి అడుగుతున్నారో చెప్పండి

పొంగల్ నుంచి మన బంధువుల మధ్య ఒకటే వాదన. టెక్సస్‌లో ఉండే బావ గురి పోటీలకు పోతాడు. కాల్చిన ఖాళీ తూటాలను ఇంట్లోనే మళ్ళీ నింపుకునే మిషను కొనాలని ఉంది ఆయనకు. పాతది చవక, కొత్తది నమ్మకం, ఏది కొనేది అని అడిగినాడు. అంతవరకు మంచి ప్రశ్నే. అందులోకి చిన్నమనూరు చిన్నాయన దిగినారు: "నువ్వు కొత్తది కొనుక్కో, ఒక పాతది మాత్రం సూట్‌కేసులో వేసుకొని ఊరికి తెచ్చేయి. తాత పెట్టెలో ఉండేదాని పక్కన పెడదాము. పందులకు తూటాలు కూడా చవగ్గా పడతాయి." ఈ మాటకు ఇరవై మంది దండం బొమ్మలు పెట్టినారు. మేము పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఇక్కడ రాస్తున్నాము. మేము కన్నడ మీడియంలో చదివినవాళ్ళం, వాక్యం కొంచెం కన్నడ వాసన వేస్తే అది మా బడి గుణం, విషయం మాత్రం మన ఇంటిదే.

ముందు బావకు జవాబు. పాత ప్రెస్సు కొను బావా, సందేహం వద్దు. పోత ఇనుముతో చేసిన ఒంటి పిడి ప్రెస్సులో చెడిపోయే భాగాలు చాలా తక్కువ. ఆర్‌సీబీఎస్ వాళ్ళ రాక్ చకర్ లాంటిది ఒక తరం వాడి ఇచ్చినా ఇంకో తరానికి వస్తుంది. పిడి కింది నుంచి పైకి తెచ్చి చూడు, రామ్ అటూ ఇటూ ఊగుతోందా, చట్రంలో పగులు ఉందా, అంతే. డైలు బిగించే మర ముప్పాతిక అంగుళం మీద ఇంకో అర్ధపాతిక, అంటే 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. చాలా కంపెనీలు ఏళ్ళ తరబడి ఇదే కొలత పట్టుకున్నాయి కాబట్టి పాత డై కొత్త ప్రెస్సులో కూర్చుంటుంది, కొత్త డై పాతదాంట్లో కూర్చుంటుంది. డై లోపల తుప్పు గానీ గీత గానీ ఉంటే మాత్రం తీసుకోకు, ఆ గీత ప్రతి ఇత్తడి గొట్టం మీదా పడుతుంది. కొత్తదే కొనాలని పట్టుబట్టేవాళ్ళది ఎక్కువ భాగం అట్టపెట్టె విప్పే మోజు అని మా అభిప్రాయం.

కాటా దగ్గర మాత్రం మేము మెత్తబడము. మందును తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, 7000 గ్రెయిన్లు అయితే ఒక పౌండు. ఇంత చిన్న కొలతలో తప్పు చేసే తక్కెడ, తుపాకి పట్టుకున్నవాడి ముఖానికి అంగుళాల దూరంలో ఆ తప్పును బయటపెడుతుంది. పాత దూలం కాటా కొంటే దాని పళ్ళెం దానిదేనా, వేరేదాని నుంచి తెచ్చి తగిలించిందా అని చూడాలి, సరిచూసే తూకపు రాళ్ళు కొత్తవి కొని దాన్ని పరీక్ష పెట్టాలి. పాత ఎలక్ట్రానిక్ కాటాను ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దను.

ఇక మూత తీసిన మందు డబ్బా. ప్రెస్సు అమ్మేవాడు "ఇది కూడా తీసుకుపో" అని ప్రేమగా చేతిలో పెడతాడు. తీసుకోవద్దు. డబ్బా మీద ఒక పేరు, లోపల ఇంకొక మందు ఉంటే చూసి పట్టుకునే ఉపాయం లేదు, రెండూ నల్లటి గింజలే. చెడిన మందు ఘాటు వాసన కొడుతుంది, ఎర్రటి దుమ్ము లేస్తుంది, కానీ వాసన రాలేదు కాబట్టి మంచిదే అని అర్థం కాదు. వేరేవాడు నింపిన తూటాలూ అంతే. మందు రెండుసార్లు పడిందో, అసలు పడలేదో వాడికే తెలియాలి. పాత కొలతల పుస్తకం అలమరలో అందంగా ఉంటుంది, కొలతకు మాత్రం ఇప్పటి పుస్తకం చూడు. మేము చేసేది సాఫ్ట్‌వేరు టెస్టింగు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చినారో తెలియనిదాని మీద పాసు అని మేము రాయము.

ఇప్పుడు చిన్నాయన మాట. కొంచెం కోపంగానే రాస్తున్నాము, పెద్దలు మన్నించాలి.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం రెండో సెక్షనులో "ఆమ్యునిషన్" అంటే ఏమేమిటో జాబితా ఉంది. అందులో తూటా ఉంది, తూటా భాగాలు ఉన్నాయి, తూటా తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. మళ్ళీ చదవండి. యంత్రమే చట్టం లెక్కలో ఆమ్యునిషన్. అంటే బావ సూట్‌కేసులో వచ్చేది ఇనుప ముక్క కాదు, లైసెన్సు లేకుండా దేశంలోకి తెచ్చే ఆమ్యునిషన్. దానికి పదో సెక్షను ఉంది. దాంతో తూటా నింపితే అది తయారీ, దానికి ఐదో సెక్షను కింద వేరే లైసెన్సు కావాలి. అది లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తరువాత శిక్ష ఏడేళ్ళకు తక్కువ కాదు, యావజ్జీవం దాకా పోవచ్చు. తుపాకి లైసెన్సు చిన్నాయన పేరున ఉంది కద అంటారు. అది తుపాకి ఉంచుకోను, తూటాలు లెక్క ప్రకారం కొనుక్కోను. నింపుకోను కాదు.

కాబట్టి చిన్నమనూరులో నిలబడి పాతదా కొత్తదా అని అడిగితే జవాబు రెండూ కాదు.

"మన పూర్వీకులు నాయకర్ల కాలంలో ఆయుధం పట్టి వచ్చినవాళ్ళు, మనకు ఈ చట్టాలు చెప్పేదా" అని ఒక మామ రాసినారు. చరిత్ర మేమూ చదివినాము. 1799 అక్టోబరులో కట్టబొమ్మును కయత్తారులో ఉరి తీసినారు. 1801లో పాంచాలంకురిచ్చి రెండోసారి పడినాక కంపెనీవాళ్ళు పాళెయగాండ్ల ఆయుధాలు లాక్కున్నారు, కోటలు నేలమట్టం చేసినారు. 1878 చట్టంలో తెల్లవాడికి మినహాయింపు, మనకు లైసెన్సు. అది అవమానమే. కానీ 1959 చట్టం తెల్లవాడు రాసింది కాదు మామా, మన పార్లమెంటు ఆ 1878 దాన్ని రద్దు చేసి పెట్టింది. కంపెనీ మీద కోపాన్ని మన ఊరి స్టేషను మీద తీర్చుకుంటామంటే ఎట్లా? పైగా మన ఇంటివాళ్ళు ఆ ఊర్లో ఇన్ని తరాలు నిలిచింది అరటితోట మీద, వరిమడి మీద. ఆ సంగతి మీద ఈ పేజీలో ఒక్క వ్యాసమూ లేదు, తుపాకి మీద నాలుగు ఉన్నాయి.

పందుల కష్టం నిజమే, కాదనము. మేఘమలై అడుగున తోట ఉండేవాడికి ఒక్క రాత్రిలో ఏమి పోతుందో బెంగళూరులో కూర్చున్న మాకు చెప్పే హక్కు లేదు. కానీ ఆ కొండ ఇప్పుడు శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల అభయారణ్యం, 2021 నుంచి. పంది 1972 వన్యప్రాణి చట్టం కింద ఉండే జంతువు, చేతిలో తూటా ఉంది కాబట్టి కాల్చేస్తాము అంటే కుదరదు. అటవీశాఖకు అర్జీ పెట్టండి, నష్టపరిహారం అడగండి, పదిమంది తోటలవాళ్ళు కలిసి అడగండి, మేమూ వచ్చి సంతకం పెడతాము. లైసెన్సు ఉన్న తుపాకికి తూటా కావాలంటే లైసెన్సు ఉన్న అంగడిలో ఖడ్కీ ఫ్యాక్టరీ తూటా దొరుకుతుంది. ధర ఎక్కువే. ఇంటి కాపలాకు పెట్టుకున్న తుపాకికి ఏడాదికి ఎన్ని తూటాలు ఖర్చవుతాయి చిన్నాయనా? ఆ లెక్కకు ప్రెస్సు కొని మిగిల్చేది ఏమీ లేదు. బావ ఒక్క వారంలో వందలు కాలుస్తాడు కాబట్టి ఆయనకు లెక్క కుదురుతుంది.

చివరకు తాత పెట్టె. అందులో ఉండేది బల్ల అంచుకు బిగించి పిడి తిప్పితే కాగితం తూటా మూతిని లోపలికి మడిచే ఇత్తడి పరికరం. చూడను చాలా అందంగా ఉంటుంది, పిడి చెక్క అరచేతి కోసం అరిగి ఉంది. దాన్ని అమ్మేయమని మేము అనలేదు. కాయలాంకడలో వేయమనీ అనలేదు (మా బెంగళూరులో గుజరి అంగడి అంటారు). అట్లా చేస్తే అది ఇంకా పెద్ద తప్పు, ఎవరి చేతికి పోతుందో తెలియదు. దానితో ఉండే పాత డబ్బా ఏమిటో ఎవరూ మూత తీసి చూడవద్దు, వేడి తగలనివ్వవద్దు, బండిలో వేసుకొని ఎక్కడికీ తీసుకుపోవద్దు. మందు అయితే దానికి ఇన్ని ఏండ్లు.

చట్టంలో 21వ సెక్షను ఉంది. ఉంచుకోను హక్కు లేని ఆయుధమో ఆమ్యునిషనో ఉంటే దగ్గర స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ ఒప్పజెప్పాలి. వచ్చే నెల మేము ఊరికి వస్తున్నాము. ముందు ఒక వకీలుతో మాట్లాడి, పెట్టె కదిలించకుండా ఒక అర్జీ రాసి, చిన్నాయనతో కలిసి స్టేషనుకు పోతాము. డబ్బాను వాళ్ళే వచ్చి చూసుకోని. రసీదు తీసుకుంటాము. పరికరం ఫొటో, రసీదు ఫొటో రెండూ ఈ పేజీలోనే పెడతాము. బావా, నువ్వు ఆ పాతదాన్ని టెక్సస్‌లోనే ఎవరికైనా అమ్మేయి, సూట్‌కేసులో అవ్వకు కంబళి తీసుకురా.