డిస్ట్రిబ్యూటర్‌కు దక్కేది ముప్పై రోజులేనా?

క్విక్ కామర్స్ దెబ్బకు డిస్ట్రిబ్యూటర్లు కుదేలవుతున్నారని రాస్తున్నవాళ్లు డిస్ట్రిబ్యూటర్‌నీ ఫ్రాంచైజీనీ ఒకే గాటన కడుతున్నారు. తేడా అడిగితే, ఫీజు కడితే ఫ్రాంచైజీ, లేకుంటే డిస్ట్రిబ్యూటర్ అని తేల్చేస్తున్నారు. చట్టం చూసేది ఫీజు ఒక్కదాన్నే కాదు, సరుకు ఎవరి సొత్తో, ఎవరి పేరు మీద వ్యాపారం చేస్తున్నారో కూడా.

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా మంగళవాడలో ఒక అంగడికి సబ్బుల పెట్టె దిగిందనుకోండి. డిస్ట్రిబ్యూటర్ దాన్ని కంపెనీకి డబ్బు కట్టి కొన్నాడు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం అది అతని సొంతం. అంగడికి ఉద్దర ఇచ్చేదీ, వసూలు కాకపోతే మునిగేదీ అతనే. ఫ్రాంచైజీ తీసుకున్నవాడు కంపెనీ పేరునూ పద్ధతినీ వాడుకుని రాయల్టీ చెల్లిస్తాడు. ఏజెంటు ఇద్దరికీ భిన్నం: 1872 కాంట్రాక్టు చట్టం 182వ సెక్షన్ ప్రకారం అతను యజమాని తరఫున పనిచేసేవాడు. మనం గ్యాస్ డిస్ట్రిబ్యూటర్‌నూ ‘ఏజెన్సీ’ అనేస్తాం కాబట్టి ఈ తేడా మరుగున పడింది.

అసలు చిక్కు ఒప్పందం తెగినప్పుడు బయటపడుతుంది. ఇండియన్ ఆయిల్, అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసు (1991) చూడండి. ఇండియన్ ఆయిల్ చేసిన రద్దు చెల్లదని తేల్చిన ఆర్బిట్రేటర్ డిస్ట్రిబ్యూటర్‌షిప్‌ను తిరిగి ఇమ్మన్నాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కారణం చెప్పకుండానే 30 రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చని ఒప్పందంలో ఉంది గనుక, ఆ 30 రోజులకు పరిహారం మాత్రమే దక్కుతుందని తీర్పు చెప్పింది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని 2018లో సవరించినా, ఇలా రద్దు చేయదగిన ఒప్పందాలను బలవంతంగా అమలు చేయించకూడదన్న నిబంధన అలాగే మిగిలింది.

ఏరియా సంగతీ అంతే. పావగడకు దాదాపు అన్ని పక్కలా ఆంధ్రే. ఆంధ్రలోని మడకశిర దగ్గర, జిల్లా కేంద్రం తుమకూరు దూరం. అయినా ఒప్పందంలో గీసిన ఏరియా దాటి అమ్మకూడదు. కాంపిటీషన్ చట్టం 3(4) సెక్షన్ ఇలాంటి పంపకాలను పట్టించుకుంటుంది గానీ, పోటీకి గణనీయమైన హాని రుజువైతేనే తప్పుపడుతుంది. ఒక తాలూకా డిస్ట్రిబ్యూటర్ దాన్ని రుజువు చేయగలడా?

వ్యాపారంలో స్వేచ్ఛ ఉండాలంటాయి కంపెనీలు. ఉండాలి. కానీ గోదాము, వ్యాను, ఉద్దర బాకీలు అన్నీ ఒకరి నెత్తిన పెట్టి, తప్పుకునే ముందు ఇచ్చే నోటీసును 30 రోజులకు కుదిస్తే నష్టమంతా ఒకరిదే. బెల్జియం 1961లోనే, గడువు లేని ప్రత్యేక పంపిణీ ఒప్పందాలను రద్దు చేస్తే తగినంత ముందు నోటీసు గానీ పరిహారం గానీ ఇవ్వాలని చట్టం చేసింది. మనకు డిస్ట్రిబ్యూటర్లకూ, ఫ్రాంచైజీలకూ ప్రత్యేక చట్టమే లేదు. ఎన్నేళ్లు సరుకు మోశాడో లెక్కగట్టి నోటీసు గడువు నిర్ణయించే చట్టాన్ని పార్లమెంటు తేవాలి.