మొండి బోల్టు

లారీ కిందికి దూరి చూసినవాళ్ళు మనలో తక్కువ. కాని రోడ్డు మీద మన ముందు పోయే లారీకి, వెనక చక్రాల దగ్గర, విల్లులా వంగిన ఉక్కు బద్దల కట్టను అందరూ చూసే ఉంటారు. దాన్ని కమాను కట్ట అంటారు. సరుకు బరువంతా ఈ కట్టల మీదే. బద్దలన్నిటినీ గుచ్చి పట్టుకునేది నడిమధ్య ఉండే సెంటరు బోల్టు. కట్టను ఇరుసుకు అదిమి ఉంచేవి గుర్రపు నాడాలాంటి యూ బోల్టులు. రెండు కొసల దగ్గరా కట్టను లారీ చట్రానికి తగిలించే పిన్నులు ఉంటాయి. ఇవి తుప్పు పట్టి బిగుసుకుపోతే ఎలా ఊడదీస్తారో ఈ వారం చెప్పుకుందాం. "లారీ బోల్టులతో మాకేం పనండీ?" అంటారేమో! మనింటికి వచ్చే బియ్యమూ, ఉప్పూ, ఇటుకా వాటి మీద కూర్చునే వస్తాయి. పైగా ఆ లారీ పక్కనుంచే మన పిల్లలు బడికి నడిచి వెళతారు.

మా బావగారికి ఒక పాత టాటా లారీ ఉంది. దాన్ని కొన్నప్పుడు మా అక్కయ్య గాజులు బ్యాంకుకు వెళ్ళాయి. అవి ఇంకా తిరిగి రాలేదు. భీమవరం చుట్టుపక్కల నుంచి చేపలూ రొయ్యలూ తోలతారు. ఐసు కరిగిన నీళ్ళు బండి అడుగు సందుల్లోంచి కారి కమానుల మీద పడుతుంటాయి. సముద్రపు గాలిలోని ఉప్పు సరేసరి. 2022 వానలు వెలిశాక డ్రైవరు వచ్చి, "బండి ఓ పక్కకి లాగుతోందండీ. వెనక టైరు ఒకవైపే అరిగిపోతోంది" అన్నాడు. బెజవాడ ఆటోనగరులో మేస్త్రి కింద దూరి చూస్తే, సెంటరు బోల్టు ఎప్పుడో విరిగింది. దాంతో ఇరుసు వేలెడు వెనక్కి జరిగింది. అలాంటి బండి తిన్నగా పోదు, ఎండ్రకాయలా వాలుగా నడుస్తుంది.

మార్చవలసింది ఒక్క బోల్టే. కాని దాని దగ్గరికి చేరాలంటే ముందు యూ బోల్టుల నట్లు ఊడాలి. అవి ఊడితేగా!

తుప్పు ఇనుమును తినేస్తుందని మనకు తెలుసు. తిన్నదానికంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుందని చాలామందికి తెలియదు. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగానే ఉబ్బుతుంది. నట్టు మరలకూ బోల్టు మరలకూ నడుమ ఉండే సందు కంటికి ఆననంత సన్నం. ఆ సందులో ఉబ్బిన తుప్పు చీల కొట్టినట్టు కూర్చుంటుంది. అప్పుడు పానాకు పొడుగాటి పైపు తొడిగి ఇద్దరు మనుషులు వేలాడితే నట్టు కదలదు, బోల్టే మెలి తిరిగి తెగుతుంది. కుర్ర మెకానిక్కులు చేసేది ఇదే. వాళ్ళకు బలం ఎక్కువ, తీరిక తక్కువ.

మా మేస్త్రి మొదటి రోజు పానా ముట్టుకోలేదు. ముందు చట్రాన్ని జాకీ మీద కాకుండా, బలమైన ఇనప స్టాండ్ల మీద నిలబెట్టించాడు. కమాను మీద భారం తగ్గేలా చూసుకున్నాడు. వట్టి జాకీని నమ్మి లారీ కింద పడుకోకూడదు. జాకీ ఉన్నది ఎత్తడానికి గాని మోయడానికి కాదు. తరవాత తీగ బ్రష్షుతో, నట్టు బయటికి పొడుచుకువచ్చిన మరలన్నీ మెరిసేదాకా తోమాడు. నట్టు ఊడి రావలసిన దారి అదే కదా! ఆ పైన నూనె పోసి, సుత్తితో నట్టు పక్కలను టకటకా తట్టి, మళ్ళీ పోసి, రాత్రంతా వదిలేశాడు. తట్టడం దేనికంటే, ఆ అదురుకు తుప్పు బీటలిచ్చి నూనె లోపలికి దిగుతుంది.

ఈ నూనెల గురించి ఒక మాట. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కనిపించే డబ్ల్యు.డి. 40 డబ్బా 1953లో అమెరికాలో పుట్టింది. రాకెట్ల లోహానికి తేమ తగలకుండా నీటిని తరమడానికి చేశారు దాన్ని. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది గనక పేరులో ఆ 40. తలుపు కీచుమంటే మంచిదే. ఏళ్ళ తరబడి పట్టిన తుప్పులోకి దిగడానికి మాత్రం వేరే చొరబాటు నూనెలు ఉన్నాయి. నన్నడిగితే ఇలాంటి పనికి వాటినే కొనమంటాను.

మర్నాడు పానా వేశాడు. వేసి, ముందు బిగించాడు! నేను తెల్లబోయాను. ఇసుమంత బిగిస్తే తుప్పు పెళ్ళ విరుగుతుందట. తరవాత వదులు, మళ్ళీ కాస్త బిగువు. ఇలా ముందుకూ వెనక్కూ నడిపిస్తూ పావుచుట్టు రాగానే నూనె. నాలుగు యూ బోల్టులకు ఎనిమిది నట్లు. అయిదు ఇలాగే లొంగాయి.

మిగిలిన మూడింటికి గ్యాసు మంట పెట్టాడు. ఇది ఆడవాళ్ళకు కొత్త విద్యేమీ కాదు. రేకు మూత బిగుసుకున్న సీసాను తిరగేసి మూతను వేణ్ణీళ్ళలో ముంచరూ? కాగవలసింది మూతే, సీసా కాదు. ఇక్కడా అంతే. నట్టు కాగి విప్పారాలి, బోల్టు చల్లగా ఉండాలి. 20 మిల్లీమీటర్ల నట్టును మూడువందల డిగ్రీలు వేడి చేస్తే కంత పెరిగేది తలవెంట్రుక మందం. ఆ వెంట్రుక మందమే చాలు. వేడి మీద కొవ్వొత్తి ముక్క రుద్దితే కరిగిన మైనం మరల్లోకి పాకింది. రెండు నట్లు కదిలాయి.

అయితే ఈ మంట ప్రమాదమైనది సుమండీ. దగ్గర్లో డీజిలు గొట్టాలు, బ్రేకుల గాలి గొట్టాలు, రబ్బరు బుష్షులు ఉంటాయి. షాక్ అబ్సార్బరుకు సెగ తగిలితే లోపలి నూనె పొంగి పేలవచ్చు. కమాను బద్దకు మంట సోకితే ఇంకా మోసం. ఉక్కుకు పట్టించిన పదును దిగిపోతుంది; పైకి ఏమీ తెలియదు, ఏ లోడు మీదో పుటుక్కున విరుగుతుంది. అందుకే మేస్త్రి తడి గోనెపట్టాలు అడ్డం కట్టి, బకెట్టు నీళ్ళు పక్కన పెట్టుకుని మరీ మంట వెలిగించాడు.

ఎనిమిదో నట్టు దేనికీ లొంగలేదు. పదును ఉలి పెట్టి సమ్మెటతో నట్టునే చీల్చేశాడు. అంతా ఊడాక కూడా తొందరపడలేదు. బద్దల కట్టను బలమైన బిగింపులో పట్టించాకనే విరిగిన సెంటరు బోల్టు ముక్కలు తీశాడు. లేకపోతే అణిగి ఉన్న బద్దలు ఎగిరి మొహాన్ని కొడతాయి.

అసలు తగవు అప్పుడు వచ్చింది. ఒక యూ బోల్టే పాడైంది, మూడు చూడ్డానికి నిక్షేపంగా ఉన్నాయి. సాయంత్రానికి రొయ్యల లోడు సిద్ధంగా ఉంది.

"పాతవే వేసెయ్యి మేస్త్రీ, ఒక్కటి కొత్తది తెద్దాం" అన్నారు బావగారు.

"ఎయ్యనండి."

"బాగానే ఉన్నాయిగా?"

"ఓసారి బిగిస్తే సాగుతాయండి ఇవి. రెండోసారి ఆ పట్టు రాదు. పైగా నిప్పు చూసినియ్యి. పట్టు సడలితే బరువంతా సెంటరు బోల్టు మీద పడద్ది, మళ్ళీ ఇరుగుద్ది. ఈసారి ఇరుసు ఎంత జరుగుద్దో, ఎవరి మీదికి పోద్దో నేను చెప్పలేను ఓనరుగారూ. కావాలంటే బండి ఇంకో షెడ్డుకి తీసుకెళ్ళండి."

బావగారు కాసేపు అటూ ఇటూ తిరిగి ఫోను తీశారు. ఆ లోడు వేరే లారీకి పోయింది. నాలుగు యూ బోల్టులూ కొత్తవే వచ్చాయి. సెంటరు బోల్టు తెచ్చినప్పుడు మేస్త్రి దాని తలమీది అంకె చూశాడు. 8.8, 10.9 అని ఉంటుంది. అంకె పెరిగినకొద్దీ ఉక్కు గట్టిది. అంకె లేనిది చవగ్గా దొరుకుతుంది. అది గేటు గొళ్ళేనికి పనికివస్తుంది గాని కమానుకు కాదు.

బిగించడం మాత్రం అరపూట పని. ఒకవైపు ఒకేసారి బిగించకుండా, మూల నుంచి మూలకు మారుస్తూ, కొలత చూపే పానాతో బిగించారు. 500 కిలోమీటర్లు తిరిగాక తీసుకొస్తే మళ్ళీ ఓ పట్టు పడతానన్నాడు మేస్త్రి. కొత్తగా బిగించిన బద్దలు సర్దుకుని నట్లు కొంచెం వదులవుతాయట. పిన్నులకు గ్రీజు పెట్టడం మానొద్దని డ్రైవరుకు మరీ మరీ చెప్పాడు.

మా అక్కయ్య పాలలెక్క రాసే పుస్తకంలో మీటరు అంకె రాసుకుంది. మూడో రోజు నుంచీ, రోజూ రాత్రి డ్రైవరుకు ఫోను చేసి ముందు అదే అడిగేది: "ఎంతయిందయ్యా?"