ఊరికి వెలుగు కావాలి, పిల్లల మంచం మీద మాత్రం వద్దు



మా ఊర్లో రచ్చబండ దగ్గర హైమాస్ట్ లైటు పెట్టాలని మాట నడుస్తా ఉంది. దాతలు ముందుకొచ్చినారు, పంచాయతీ కూడా సరే అంటోంది. ఊరు పట్నం మాదిరి వెలిగిపోతుందని అందరికీ సంతోషం. వెలుగు రావడం నాకూ సంతోషమే. అయితే ఆ స్తంభం చుట్టూ ఉన్న ఇండ్లలో ఎంతమంది చిన్నపిల్లలు పడుకుంటారు, ఆ వెలుగు ఎన్ని కిటికీల్లోకి దూరుతుంది, ఎన్ని మిద్దెల మీద పడుతుంది అని ఒక్కరూ లెక్క వేయలేదు. ఆ లెక్క వేయడానికే ఈ పోస్టు. కొంచెం పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

నా మాట ముందే చెప్పేస్తా. రాత్రి పూట వేసే లైటు కూడా యూరియా మాదిరి ఒక ఇన్‌పుట్టే. ఎక్కడ వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి అని చూసుకోవాలి. తెచ్చినాం కదా అని బస్తా అంతా గుమ్మరిస్తే పైరు ఏమవుతుందో మనకు తెలుసు. పిల్లలు పడుకునే చోట లైటు గుమ్మరిస్తే ఏమవుతుందో అది కూడా తెలుసుకోవాలి.

ఈ సంగతి రైతుకు కొత్తది కాదు. చామంతి వేసేవాళ్లను అడగండి. చామంతికి పొద్దు తగ్గి రాత్రి పొడుగైతేనే మొగ్గ పడుతుంది. అందుకే మొక్క ఇంకా ఎదగాలనుకున్నప్పుడు తోటలో వరసగా బల్బులు కట్టి రాత్రి కొన్ని గంటలు వెలిగిస్తారు. మొక్క ఇంకా పగలే అనుకుని ఆకు పెంచుకుంటూ పోతుంది. చాలు అనుకున్న రోజు బల్బులు ఆపేస్తే అప్పుడు మొగ్గకు వస్తుంది. ఎరువు అదే, నీళ్లు అవే. మారింది రాత్రి ఒక్కటే. అమెరికాలో సోయా చేలు వేసేవాళ్లు కూడా ఇదే చెబుతారు. రోడ్డు లైటు పడినంత మేర సోయా పచ్చగానే ఉండి ఆలస్యంగా పండుతుంది, మిగతా చేను కోతకొచ్చేస్తుంది.

కోళ్ల ఫారాలు చూడండి. గుడ్ల కోళ్లకు రోజుకు 16 గంటల వెలుగు ఉండేలా పొద్దుగూకినాక కూడా లైట్లు వేస్తారు. ఆ వెలుగును బట్టే కోడి గుడ్డు పెడుతుంది. బ్రాయిలర్ పిల్లలకు మొదటి రోజుల్లో దాదాపు రాత్రంతా లైటు ఉంటుంది. ఎందుకు? మేత కనపడాలి, తింటా ఉండాలి, బరువు రావాలి. తర్వాత తర్వాత తెలిసిందేమంటే, అసలు చీకటే ఇవ్వకుంటే కోడికి కాళ్లు చచ్చుబడతాయి, ఉన్నట్టుండి చనిపోయేవి ఎక్కువవుతాయి. అందుకే ఇప్పుడు రోజుకు కొన్ని గంటలు చీకటి ఇవ్వమని చెబుతున్నారు. ఆరు వారాల్లో అమ్మేసే కోడికే చీకటి లెక్క చూస్తున్నాం. మన ఇంట్లో పుట్టిన పిల్లోనికి చూడమా?

మనిషి సంగతి చెబుతా. చీకటి పడినాక మన తలలో ఒక చిన్న గ్రంథి మెలటోనిన్ అనే రసాన్ని వదులుతుంది. ఒంటికి ఇక రాత్రి అయిందని కబురు చెప్పేది అదే. కంటి వెనక పొరలో వెలుగును కొలిచే ప్రత్యేకమైన కణాలు ఉన్నాయి. వాటికి నీలం పాలు ఎక్కువున్న వెలుగు బాగా తగులుతుంది. మన తెల్ల ఎల్ఈడీ లైట్లలో ఉండేది ఆ నీలమే. అది కంట్లో పడితే మెలటోనిన్ తగ్గుతుంది, నిద్ర వెనక్కి జరుగుతుంది. ఒంట్లో ఉండే ఈ గడియారం ఎట్లా తిరుగుతుందో కనిపెట్టిన ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చినారు.

పిల్లలకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ముసలివాళ్ల కంట్లో అద్దం పసుపు తిరిగి, పొర కమ్మి ఉంటుంది. చిన్నపిల్లల కన్ను ఊట నీళ్ల మాదిరి తేటగా ఉంటుంది. అదే వీధి లైటు తాత కంట్లోకి పోయే దానికంటే మనవడి కంట్లోకి ఎక్కువ పోతుంది.

మరి లావుకూ దీనికీ ఏం సంబంధం అంటారా? మూడు దారులు ఉన్నాయి. మొదటిది నిద్ర. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే రసం పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే రసం తగ్గుతుంది. రెండోది తిండి వేళ. వీధిలో పగటి మాదిరి వెలుగు ఉంటే పిల్లలు పదకొండు దాకా బయటే ఉంటారు, అంగడి తెరిచే ఉంటుంది, చేతిలో ఒక ప్యాకెట్ ఉంటుంది. మూడోది మరుసటి రోజు. నిద్ర చాలని పిల్లోడు బడిలో కునుకుతాడు, సాయంత్రం ఆడడానికి ఓపిక ఉండదు, ఫోను పట్టుకుని మూలన కూర్చుంటాడు.

అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల మీద చేసిన పని 2010లో అచ్చయింది. కొన్ని ఎలుకలకు రాత్రి కటిక చీకటి, కొన్నిటికి 5 లక్స్ మసక వెలుగు. మేత రెండిటికీ సుమారు ఒకటే, తిరుగుడు కూడా ఒకటే. అయినా మసక వెలుగులో ఉన్నవి లావెక్కినాయి. ఎందుకంటే అవి తినకూడని వేళలో తిన్నాయి. ఎలుకకు రాత్రే మేత వేళ. ఆ వేళలోనే మేత పెట్టి, మిగతా వేళ తీసేస్తే లావు ఎక్కలేదు. 5 లక్స్ అంటే ఎంతో తెలుసా? నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్ కూడా దాటదు. వీధి ఎల్ఈడీ కింద నేల మీద 10 లక్స్ పైన ఉండడం మామూలే.

ఎలుక వేరు, మనిషి వేరు అంటారు, నిజమే. మనుషుల మీద చూసినవీ ఉన్నాయి. అమెరికాలో సుమారు 44 వేల మంది ఆడవాళ్లను ఐదేండ్లకు పైగా గమనించి 2019లో ఒక పరిశోధన వెలువరించినారు. పడుకున్న గదిలో లైటో, టీవీయో వెలుగుతూ ఉన్నవాళ్లు 5 కిలోలు అంతకంటే ఎక్కువ పెరిగే అవకాశం, చీకట్లో పడుకున్నవాళ్ల కంటే 17 శాతం ఎక్కువ కనిపించింది. చైనా ఈశాన్యంలో ఏడు నగరాల్లో 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు సుమారు 48 వేల మందిని తీసుకుని, వాళ్లున్న చోట రాత్రి బయట ఎంత వెలుగుందో ఉపగ్రహం ఫొటోలతో చూసినారు. వెలుగు ఎక్కువున్న చోట్ల లావైన పిల్లలు ఎక్కువ కనిపించినారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రెండూ ఒకచోట కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని తేలిపోదు. లైట్లు ఎక్కువున్న చోట అంగళ్లు ఎక్కువ, బండ్లు ఎక్కువ, డబ్బు ఎక్కువ, నడక తక్కువ. పిల్లలు లావు కావడానికి నూనె ప్యాకెట్లు, తీపి నీళ్ల సీసాలు, ఆట లేకపోవడం పెద్ద కారణాలు. వీధి లైటు తీసేస్తే పిల్లోడు సన్నబడతాడని నేను చెప్పడంలేదు. నేను చెప్పేది ఇంతే: పైరుకు తెగులు తగిలితే ఒక్క కారణమే చూడం. విత్తనం, నీరు, మబ్బు, పక్క చేను, అన్నీ చూస్తాం. పిల్లల విషయంలో రాత్రి వెలుగును ఆ జాబితాలో ఎవరూ రాయడంలేదు. రాయండి అంటున్నా. పైగా దీన్ని సరిచేయడం చాలా చవక.

పల్లెలో లావు పిల్లలెక్కడ అని కొందరు నవ్వుతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో ఐదేండ్ల లోపు పిల్లల్లో బరువు ఎక్కువున్నవాళ్లు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 35.5 శాతం. అంటే ఎదగని పిల్లలూ, లావెక్కుతున్న పిల్లలూ ఇప్పుడు ఒకే ఊర్లో, ఒక్కోసారి ఒకే వీధిలో ఉన్నారు. ఇద్దరికీ నిద్ర కావాల్సిందే.

మన ఊర్లలో ఈ వెలుగు ఎప్పుడు మారిందో గుర్తు చేసుకోండి. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో వీధి లైట్లన్నీ ఎల్ఈడీలకు మార్చినారు. 2015 జనవరిలో కేంద్రం దేశమంతటికీ వీధి దీపాల కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ తర్వాత పల్లెలకూ వచ్చినాయి. కరెంటు ఆదా అయింది, మంచిదే. పాత ట్యూబ్‌లైటు కూడా తెల్లదే గానీ మినుకు మినుకుమనేది, సగం రోజులు మాడిపోయి ఉండేది, మిగతా సగం కరెంటే ఉండేది కాదు. ఇప్పుడు లైటు గట్టిది, కరెంటూ పోదు. చాలా పల్లెల్లో వీధి లైట్లకు విడిగా థర్డ్ వైరు లేదు, స్విచ్చి లేదు. పట్టపగలు కూడా వెలుగుతా ఉంటాయి. ఆ బిల్లు కట్టేది పంచాయతీ, అంటే మనమే.

పట్నంలో పిల్లలకు కిటికీకి మందపాటి పరదా ఉంటుంది. మన పిల్లలు ఎండాకాలం మిద్దె మీద, ఇంటి ముందర నులక మంచం మీద పడుకుంటారు. స్తంభం సరిగ్గా మిద్దె ఎత్తులోనే ఉంటుంది. దోమతెర వెలుగును ఆపదు. ఆరుబయట పడుకునే మన పిల్లలకే ఈ వెలుగు నేరుగా ముఖం మీద పడుతుంది.

ఇక నన్ను తిట్టబోయేవాళ్లకు జవాబు. లైట్లు ఆపేస్తే ఆడపిల్లలు ఎట్లా తిరగాలి, పాముల మాటేంటి అంటారు. సరైన ప్రశ్నే. మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది పోతున్నారని అంచనా. అందులో ఎక్కువమంది మన మాదిరి పల్లె జనమే. కాబట్టి దారిలో వెలుగు ఉండాల్సిందే. బస్సు దిగే చోట, మలుపుల్లో, బోరు దగ్గర ఉండాల్సిందే. నేను అడిగేది దారి మీద పడాల్సిన వెలుగు దారి మీదే పడాలని. మిద్దె మీద, కిటికీలో, ఆకాశంలో పడిన వెలుగు వల్ల ఏ ఆడబిడ్డకూ రక్షణ రాదు. కళ్లలో కొట్టే లైటు ఉంటే దాని వెనక నీడలో ఎవరున్నారో కూడా కనపడదు. పైగా తెల్లటి లైటు కింద పురుగులు చేరతాయి, పురుగుల కోసం కప్పలు చేరతాయి, కప్పల కోసం ఏమొస్తుందో మీకు చెప్పాల్సిన పని లేదు.

ఏం చేయాలంటే:

పంచాయతీ పని: లైటు ముఖం పైకి ఎత్తకుండా నేలకు వంచి బిగించాలి. ఇండ్ల వైపు రేకు మూత పెట్టాలి. మాడిపోయిన లైటు మార్చేటప్పుడు 6500 కెల్విన్ చల్లని తెలుపు కాకుండా 3000 లేదా అంతకంటే తక్కువ ఉన్న పసుపు ఛాయ లైటు తేవాలి. డబ్బా మీద ఆ నంబరు రాసే ఉంటుంది. అమెరికా డాక్టర్ల సంఘం కూడా 2016లో ఇదే చెప్పింది: వీధి లైటు 3000 దాటొద్దు, మూత ఉండాలి, అర్ధరాత్రి వెలుగు తగ్గించాలి. థర్డ్ వైరు వేసి టైమరు పెడితే బిల్లూ తగ్గుతుంది.

హైమాస్ట్ సంగతి: పెట్టాలనుకుంటే బస్టాండు దగ్గరో, కళ్లాల దగ్గరో పెట్టండి. ఇండ్ల నడుమ వద్దు. ఆ ఖర్చుతో వీధుల్లో మూత ఉన్న చిన్న లైట్లు ఎక్కువ వేసుకోవచ్చు.

ఇంటి పని: పరదా కొనాల్సిన పని లేదు, పాత చీర రెండు మడతలు వేసి కిటికీకి కట్టండి. మిద్దె మీద మంచం పిట్టగోడ నీడలోనో, నీళ్ల ట్యాంకు నీడలోనో వేయండి. వసారా లైటు పడుకునేటప్పుడు ఆపండి. రాత్రి లేచే అవసరం ఉంటే పసుపు రంగు చిన్న బల్బు కాళ్ల దగ్గర పెట్టండి. పొద్దుగూకినాక తొందరగా బువ్వ పెట్టండి. ఫోను పిల్లల మంచం దగ్గరకు రానీయొద్దు. వీధి లైటు ఎంత సరిచేసినా, దుప్పట్లో ఫోను ఉంటే ఆ పనంతా వృథానే.

ఎరువుల ధర, పంట ధర మన చేతుల్లో లేవు. వీధి లైటు ఏ వైపు తిరగాలో మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఒక నిచ్చెన, ఒక రేకు ముక్క, ఒక తీర్మానం చాలు. వచ్చే గ్రామసభలో నేను ఈ మాట లేవనెత్తుతున్నా. మీ ఊర్లో కూడా ఎవరో ఒకరు లేవండి. ఈ రాత్రి ఒక్కసారి మీ పిల్లలు పడుకున్నాక ఆ మంచం దగ్గర నిలబడి చూడండి. మీ అరచేతి గీతలు ఆ వెలుగులో కనిపిస్తే, అక్కడ వెలుగు ఎక్కువైనట్టే. కనిపించినాయో లేదో కింద రాయండి.

ఉంటాను.